కొరడా ముందు కండక్టరమ్మ

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది పాప. పదకొండు నెలల ఆ పిల్ల లేచిందంటే ఇల్లంతా లేచినట్టే. అమ్మమ్మ పాపను చంకనేసుకుని వంటింట్లో గుడ్లు వేయిస్తోంది. కూతురు ఆసుపత్రికి వేసుకెళ్లే బట్టలు ఇస్త్రీ చేస్తోంది. అల్లుడు బల్ల దగ్గర కూర్చుని, టీ కప్పుకు ఫోను ఆనించి, ఏదో చూస్తూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

ఆ అమ్మమ్మను వీధిలో అందరూ కండక్టరమ్మ అనే పిలుస్తారు. ముప్పై ఒక్కేళ్లు సిటీ బస్సుల్లో టికెట్లు కొట్టి, మూడు నెలల కిందటే రిటైరైంది. భర్త పోయి తొమ్మిదేళ్లు. ఒక్కగానొక్క కూతురు డయాలసిస్ వార్డులో నర్సు. అల్లుడిది కళ్లద్దాల కొట్టు. మంచివాడే. కాకపోతే కాస్త నోరు ముందు, బుర్ర వెనక.

"ఒసేయ్, ఇలా రా! ఛానల్ వాళ్లు పాత 'కడిగేద్దాం రండి' ఎపిసోడ్లన్నీ పెట్టేశారు" అని భార్యను కేకేశాడు.

"ఏంటది?"

"ఏంటది అంటావేంటి? మా చిన్నప్పుడు ఆ టైముకి వీధిలో పిట్ట కూడా కనపడేది కాదు. అందరూ టీవీల ముందే. కొరడా వచ్చేవాడు!"

కొరడా అన్నది జనం పెట్టిన పేరు. అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ఆ రోజుల్లో అలాంటి వాళ్లు ఒక్కరు కాదు. ఒకాయన అతిథి కూర్చోబోతుంటే కుర్చీ లాగేసేవాడు. ఒకావిడ కాగితాలు మొహాన విసిరేది. కొరడా వాళ్లందరికీ తాత. ప్రశ్న అడిగి, జవాబు సగంలో ఉండగానే ఇంకో ప్రశ్న వేసేవాడు. ఎదుటి మనిషి తడబడగానే లేచి నిలబడి, వేలు చూపించి, "నీళ్లు నమలకు, నిజం కక్కు!" అని గర్జించేవాడు. అంతే, హాలు చప్పట్లతో మోగిపోయేది. ఆ కుర్చీలో కూర్చుని ఏడవకుండా లేచిన మనిషి లేడని చెప్పుకునేవాళ్లు.

"ఇప్పుడున్నారా అలాంటి వాళ్లు? అందరూ సార్ సార్ అంటూ బుర్రలూపే రకమే" అన్నాడు అల్లుడు నిట్టూరుస్తూ. "ఇదిగో ఈ ముక్క చూడు. అదిరిపోయింది."

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కూతురు వచ్చి వెనక నిలబడింది. తెర మీద ఖాకీ బట్టల్లో ఒక చిన్న వయసు మనిషి బిగుసుకుని కూర్చుని ఉంది. ఒళ్లో నాలుగు మడతలు పెట్టిన కాగితం. కొరడా ఆమె చుట్టూ తిరుగుతున్నాడు.

"మూడేళ్ల పిల్లను ఇంట్లో వదిలేసి రోడ్డెక్కడానికి నీకు మనసెలా ఒప్పింది? నీ మొగుడేం చేస్తున్నాడు? నీళ్లు నమలకు! డెబ్బై మంది మగాళ్ల మధ్య రోజంతా నిలబడటానికి సిగ్గనిపించదా? రేపు ఆ పిల్ల నిన్ను అమ్మా అని పిలుస్తుందా? అసలు నువ్వు తల్లివేనా?"

ఖాకీ బట్టల మనిషి నోరు తెరిచింది, మూసింది. కళ్ల నుంచి నీళ్లు జారాయి. కాగితం గుప్పిట్లో నలిగిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. అల్లుడు కూడా నవ్వబోయి, భార్య చెయ్యి తన భుజం మీద బిగుసుకోవడంతో ఆగిపోయాడు. ఫోను దగ్గరికి తీసుకుని చూశాడు. ఆ ముక్కు, ఆ గడ్డం... వంటింటి వైపు తిరిగాడు.

గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది.

"అవునయ్యా, నేనే" అంది. "గుడ్లు చల్లారిపోతున్నాయి, రండి."

ఆ పూట అల్లుడు తన పళ్లెంలోని గుడ్డంతా పాపకే తినిపించాడు. ఫోను జేబులో పెట్టుకున్నా అదేదో నిప్పులా కాలుతున్నట్టు ఉంది. కూతురు పళ్లెంలోకి చూస్తూ, "నాకెప్పుడూ చెప్పలేదే" అని మాత్రం అంది. "చెప్పుకునేంత గొప్ప విషయమా" అని తల్లి పళ్లేలు తీసింది.

నిజానికి ఆ కార్యక్రమం ముప్పై ఏళ్ల కిందట ఒక్క గంటలో అయిపోయింది గానీ, కండక్టరమ్మకు మాత్రం ఏళ్ల తరబడి పూర్తవలేదు. మర్నాడు మొదటి ట్రిప్పులోనే వెనక సీటు నుంచి ఎవరో, "నీళ్లు నమలకు, టికెట్టివ్వు!" అన్నారు. బస్సంతా నవ్వింది. ఆ తర్వాత ఏ రూటు మార్చినా ఆ మాట వెంటపడింది. ఆమె టికెట్టు చింపి ఇచ్చేది, ముందుకు జరగమనేది. ఏ రోజూ డ్యూటీ మానలేదు.

మంగళవారం ఛానల్ నుంచి ఫోనొచ్చింది. ఎవరో అమ్మాయి, బస్సు డిపోలో అడిగి నంబరు పట్టుకున్నానంది. ఆనాటి నోటిదురుసు యాంకర్లను గుర్తు చేసుకుంటూ శనివారం మధ్యాహ్నం ప్రత్యక్ష ప్రసారమట. కొరడా గారు స్వయంగా వస్తారట. ఆనాటి అతిథులను ఆయన ఎదుట మళ్లీ కూర్చోబెట్టి సరదాగా ముచ్చట్లు చెప్పిస్తారట.

"సరదాగానా!" కూతురు ఫోను లాక్కోబోయింది. "రాదని చెప్పు."

కండక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "వస్తానమ్మా. ఎన్నింటికి రావాలి?" అని అడిగింది.

ఫోను పెట్టేశాక ఇల్లు దద్దరిల్లింది.

"నీకేమైనా పిచ్చా? ఒకసారి ఏడిపించింది చాలలేదా? ఆసుపత్రిలో అందరూ చూస్తారు. నా పరువేం కావాలి?"

"పరువు పోయేది నాది కదమ్మా. అది ముప్పై ఏళ్ల కిందటే పోయింది. ఇక పోవడానికేముంది?"

"అత్తయ్యా, ఆయన నోటి ముందు నిలబడటం మాటలు కాదు. పెద్ద పెద్ద ఆఫీసర్లే తడబడిపోయేవాళ్లు" అన్నాడు అల్లుడు నెమ్మదిగా.

"నేను రోజుకు వెయ్యి మందితో మాట్లాడిన దాన్నయ్యా. ఆ రోజుకి ఉద్యోగంలో చేరి ఏడాదే. ఇప్పుడు ముప్పై ఒకటి."

కూతురు విసురుగా గదిలోకి వెళ్లిపోయింది. ఆమె కోపానికి ఇంకో కారణం కూడా ఉంది. వార్డు ఇన్‌చార్జిగా చేయమని ఆసుపత్రి వాళ్లు అడిగి వారమైంది. పొద్దున ఆరింటికల్లా అక్కడ ఉండాలి. శనివారంలోగా జవాబు చెప్పాలి. ఆమె వద్దని చెప్పాలనే అనుకుంటోంది. పాప నిద్ర లేచేసరికి తల్లి పక్కన లేకపోతే ఎలా ఉంటుందో తనకు తెలుసు. చిన్నప్పుడు ప్రతి పొద్దునా తను చూసింది ఖాళీ పరుపునే. వంటింట్లో నాన్న పాలు కాస్తూ ఉండేవాడు. అమ్మ ఉండేది కాదు. నా పిల్లకు ఆ బతుకు వద్దు అని ఎప్పుడో ఒట్టు పెట్టుకుంది. అల్లుడు కూడా "నీ ఇష్టం" అంటూనే, పాపకు ఇంకో రెండేళ్లు నిండితే బాగుణ్ణని గొణుగుతున్నాడు.

గురువారం సాయంత్రం అల్లుడు కొట్టు తొందరగా కట్టేసి వచ్చాడు. ఆదివారం నవ్విన నవ్వు అతన్ని ఇంకా పీడిస్తోంది. ఏదో ఒకటి చేస్తే గానీ మనసు కుదుటపడేలా లేదు.

"అత్తయ్యా, మీకు ప్రాక్టీసు చేయిస్తా. నేనే కొరడాను అనుకోండి" అని దువ్వెన మైకులా పట్టుకున్నాడు.

"సరే, అడుగు" అని ఆమె మడతపెడుతున్న పాప బట్టలు పక్కన పెట్టి సర్దుకు కూర్చుంది.

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. వేలు చూపించబోయి, మళ్లీ బాగుండదేమోనని దించేశాడు. "ఏమండీ అత్తయ్యా... మీరు దయచేసి... పిల్లను ఇంట్లో ఉంచి... అంటే..."

"కొరడా దయచేసి అనేవాడా?"

"నా వల్ల కావట్లేదు అత్తయ్యా. మీ మొహం చూస్తూ ఆ మాటలు రావట్లేదు."

"మరి ఎవడో తిట్టినప్పుడు ఎలా నవ్వొచ్చిందయ్యా?"

అల్లుడు తల దించుకున్నాడు. ఆమె కూడా ఎక్కువ సాగదీయలేదు, "సర్లే, మళ్లీ మొదలుపెట్టు" అంది. అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని చూస్తున్న కూతురు వచ్చి అతని చేతిలోంచి దువ్వెన లాక్కుంది.

"నేనడుగుతా" అంది. వేలు చూపించలేదు, కేకలేయలేదు. "మూడేళ్ల పిల్లను వదిలేసి వెళ్లడానికి నీకు మనసెలా ఒప్పింది?"

కండక్టరమ్మ కూతురి కళ్లలోకి చూసింది. ఇది ప్రాక్టీసు కాదని ఆమెకు అర్థమైంది.

"చెప్పు. ఆయన అడిగిన దాంట్లో తప్పేముంది? నేను పెద్దయ్యాక నిన్ను అడగాలనుకుంది ఆయన ముందే అడిగేశాడు. నాకు జ్వరం వస్తే నాన్నే. జడ వేసేది నాన్నే. బడి దగ్గర నిలబడేది నాన్నే. నన్ను చూసుకోవడానికి నాన్న ఉద్యోగమే మానేశాడు. నువ్వు మాత్రం ఒక్కరోజు ఆగలేకపోయావు. నీకు మా ఇద్దరికంటే ఆ బస్సే ఎక్కువైంది!"

అల్లుడు "ఏయ్" అని అడ్డం రాబోతే కండక్టరమ్మ అతన్ని చేత్తో ఆపింది.

"అడగనీయ్" అని కూతురి వైపు తిరిగింది. "ఆయన అడిగి ఆగలేదు. నువ్వు అడిగావు కదా, ఇక ఆగు. నేను చెప్పేదాకా ఆగు."

కూతురు దువ్వెన దించి ఎదురుగా నిలబడింది.

"నాన్నకు మూర్ఛ ఎప్పుడు మొదలైందనుకుంటున్నావు?"

"నాకు పదేళ్లప్పుడు. నేనే కదా చూసింది."

"నువ్వు చూసింది అప్పుడు. మొదలైంది నువ్వు పుట్టిన ఏడాదికి. ఫ్యాక్టరీలో ఇనుము చెక్కే లేతు మిషను ముందు పడిపోయాడు. ఇంకో జానెడు ముందుకు పడుంటే మనిషి దక్కేవాడు కాదు. ఫ్యాక్టరీ వాళ్లు నాలుగు మంచి మాటలు చెప్పి పంపించేశారు. ఎక్కడికి వెళ్లినా డాక్టరు కాగితం అడిగేవాళ్లు. ఎవరూ పెట్టుకోలేదు. అప్పుడు నేను కండక్టరు పరీక్ష రాశాను."

కూతురి చేతిలోంచి దువ్వెన జారింది.

"మరి నాన్న... నా కోసం మానేశానని..."

"మీ నాన్నకు ఆ జబ్బు పేరు ఎవరి చెవిన పడినా ప్రాణం పోయినట్టుండేది. ఆ రోజుల్లో జనం అలాగే ఉండేవాళ్లు. అది అంటుకుంటుందనేవాళ్లు, పిల్లకూ వస్తుందనేవాళ్లు. తెలిస్తే నీతో ఏ పిల్లనూ ఆడుకోనిచ్చేవాళ్లు కాదు. మీ మేనత్తకు కూడా చెప్పలేదు. ఆవిడ, తన తమ్ముణ్ణి నేను ఇంట్లో కూర్చోబెట్టి ఊరేగుతున్నానని ఆ ప్రోగ్రాంకు ఉత్తరం రాసింది. అప్పటికి నాకు ఆ సంగతి తెలియదు. ఉద్యోగాలు చేసే ఆడవాళ్ల కష్టాల మీద ప్రోగ్రాం అన్నారు. నేను మా డిపోలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదని చెప్పుకుందామని, కాగితం మీద రాసుకుని మరీ వెళ్లాను. బయల్దేరేటప్పుడు మీ నాన్న, 'నా సంగతి మాత్రం చెప్పకు' అన్నాడు. చెప్పనని చేతిలో చెయ్యేశాను."

"అందుకా నువ్వు..."

"మొగుడేం చేస్తున్నాడని అడిగేసరికి నోరు పడిపోయింది. నిజం చెబితే మీ నాన్న పోతాడు. అబద్ధం చెప్పడం నాకు రాదు. ఇక మిగిలింది ఏడవడమే."

కూతురు వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూర్చుంది. "మరి ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదమ్మా? నాన్న నా కోసం త్యాగం చేశాడని, నువ్వు వదిలేశావని అనుకుంటూనే పెరిగాను."

"ఆయన నిన్ను చూసుకోలేదా? నీకు జడలు వేయలేదా? అది అబద్ధమెలా అవుతుంది? ఉద్యోగం పోయిన మనిషి నీ కళ్లలో అంత పెద్దవాడిగా కనపడుతుంటే, నేనెలా చెడగొట్టనే? మూర్ఛ వస్తే పిల్ల ఏమవుతుందోనని ప్రతి ట్రిప్పులోనూ నా గుండె దడదడలాడేది. పక్కింటి ముసలావిడ గంటకోసారి తొంగి చూసేది. డ్యూటీ దిగాక డిపో నుంచి ఇంటిదాకా పరిగెత్తేదాన్ని. నడిచిన రోజు లేదు."

కూతురు తల్లి మోకాళ్లలో మొహం పెట్టుకుని బావురుమంది. అల్లుడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. తల్లి ఏడుపు చూసి పాప కూడా రాగం అందుకుంది. కండక్టరమ్మ ఒక చేత్తో కూతురి వీపు నిమురుతూ, ఇంకో చేత్తో మనవరాల్ని ఎత్తుకుని, "ఇద్దరూ ఒకేసారి మొదలెడితే నాకెన్ని చేతులున్నాయే" అంది.

శనివారం స్టూడియోలో మేకప్ గది బయట ఆమెను ఒక బెంచీ మీద కూర్చోబెట్టారు. లేత నీలం బట్టలు కట్టుకుని, జుట్టు గట్టిగా ముడేసుకుని వచ్చింది. వెంట ఎవరూ రాలేదు. కూతురికి డ్యూటీ ఉంది, అల్లుడు పాపతో ఇంట్లో ఉండాలి. ఒక్కదాన్నే వెళ్తానని తనే గట్టిగా చెప్పింది.

కాసేపటికి చేతికర్ర తాటిస్తూ ఒక ముసలాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. చెవిలో వినికిడి మిషను. చేతులు వణుకుతున్నాయి.

"అమ్మా, నువ్విక్కడ పనిచేస్తావా? కాస్త మంచినీళ్లు ఇప్పిస్తావా?"

ఆ గొంతును ఆమె వెంటనే గుర్తుపట్టింది. ముప్పై ఏళ్లు కలలోకొచ్చి కేకలేసిన గొంతు అది. ఇప్పుడు మంచినీళ్లు అడుగుతోంది. ఆమె లేచి, మూలనున్న బాటిలు తెచ్చి, మూత తీసి మరీ ఇచ్చింది. కొరడా గడగడా తాగి, "చల్లగా ఉండు తల్లీ" అన్నాడు. ఆమెకు జాలేసింది. జాలేసినంత మాత్రాన చెప్పాల్సింది మానేయాలా అని తనలో తను అనుకుని, మానక్కర్లేదని తేల్చుకుంది.

కార్యక్రమం మొదలైంది. పాత ముక్కలు ఒక్కొక్కటే తెర మీద వేస్తుంటే హాలంతా పగలబడి నవ్వుతోంది. తర్వాత ఖాకీ బట్టల ముక్క వేశారు. దీపాలు వెలిగేసరికి ఆమె కొరడా ఎదుటి కుర్చీలో కూర్చుని ఉంది. నీళ్లిచ్చిన మనిషిని గుర్తుపట్టి ఆయన మొహం ఒక్క క్షణం పాలిపోయింది. కానీ పాత అలవాటు ఊరుకుంటుందా? జనం వైపు కన్నుగీటి, వేలెత్తాడు.

"ఏమ్మా, ఇవాళైనా చెబుతావా? నీళ్లు నమలకు..."

"నిజం కక్కు!" అని జనమంతా ఒక్క గొంతుతో అరిచారు.

కండక్టరమ్మ నవ్వలేదు, జంకలేదు. ఫుట్‌బోర్డు మీద వేలాడే వాళ్లను ఆపేటప్పుడు ఎత్తినట్టు అరచెయ్యి ఎత్తింది. కిక్కిరిసిన బస్సులో చివరి సీటుదాకా వినపడే గొంతు ఆమెది. మైకు కూడా అవసరం లేదు.

"చెప్పడానికే వచ్చానండీ. ఆ రోజు మీరు ఐదు ప్రశ్నలడిగారు. ఒక్కదానికీ జవాబు చెప్పనివ్వలేదు. ముప్పై ఏళ్లుగా దగ్గర పెట్టుకున్నాను. ఇవాళ చెబుతాను. మధ్యలో మాట్లాడకండి."

హాలు సద్దుమణిగింది. కొరడా నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు.

"మనసెలా ఒప్పింది అన్నారు. ఒప్పలేదండీ. ఒక్కరోజు కూడా ఒప్పలేదు. మా పాప లేస్తే నా వాసన ఉండాలని, నేను విప్పిన చొక్కా దాని పక్కన పరిచి వెళ్లేదాన్ని. మనసు ఒప్పాకే మనుషులు పనిలోకి వెళ్తారని మీకెవరు చెప్పారు? ఈ లైట్లు మోసే వాళ్లను అడగండి, పొద్దున మనసు ఒప్పే వచ్చారేమో."

పక్కనున్న లైటు మనిషి తలాడించాడు. జనంలో ఎవరో ఈల వేశారు.

"డెబ్బై మంది మగాళ్ల మధ్య సిగ్గులేదా అన్నారు. సిగ్గుపడాల్సింది నేను కాదండీ. సిగ్గుపడాల్సిన వాళ్లను నా సర్వీసులో పద్నాలుగు మందిని నడిరోడ్డు మీద దింపేశాను. అందులో ఒకడు మీ ప్రోగ్రాంకు వీరాభిమాని."

ఈసారి నవ్వులతో హాలు పగిలిపోయింది. కార్యక్రమం నడిపిస్తున్న పాతికేళ్ల యాంకరు పిల్ల గాభరాగా వచ్చి, "అమ్మా, చిన్న విరామం..." అనబోయింది. కొరడా ఆమెను చేత్తో వారించాడు.

"ఉండు. చెప్పనీ" అన్నాడు.

"ఆ పిల్ల నిన్ను అమ్మా అని పిలుస్తుందా అన్నారు. పిలిచిందండీ. ముద్దుగా పిలిచింది, విసుగ్గా పిలిచింది. మొన్న గురువారం నన్ను కడిగేస్తూ కూడా అమ్మా అనే పిలిచింది. మీకంటే బాగా అడిగింది. ఎందుకంటే, అడిగి ఆగింది. ఇక తల్లివేనా అన్నారే, అది ప్రశ్న కాదు, తిట్టు. తిట్టుకు జవాబుండదు."

ఆమె ఆగింది. కొరడా నెమ్మదిగా వేళ్లు లెక్కపెట్టుకుని, "నాలుగే అయ్యాయి. మీ ఆయన సంగతి..." అన్నాడు.

"దానికి జవాబు నా దగ్గరుంది. మీకివ్వను. ఆ రోజూ అది మీది కాదు, ఇవాళా మీది కాదు. ఒక మనిషికి నేనిచ్చిన మాట అది. ఆ రోజు నేను ఏడ్చింది చేతకాక కాదండీ. మాట నిలబెట్టుకోవడానికి."

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలని ఎవరికీ తోచలేదు. ముందు వరుసలో ఒక పెద్దావిడ కళ్లొత్తుకుంది.

"ఇంకొకటి. ఆ రోజు నా చేతిలో కాగితం ఉంది. డిపోలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి కావాలని చెప్పడానికి వచ్చాను. మీరు ఆ కాగితమేంటని కూడా అడగలేదు. ఆరేళ్లు తిరిగి తిరిగి, ఆఫీసర్ల గదుల ముందు నిలబడి నిలబడి కట్టించుకున్నాం. ఇవాళ మా ఊళ్లో పదకొండు డిపోల్లో ఉన్నాయి. మీ ప్రోగ్రాం లేకుండానే."

అప్పుడు మోగాయి చప్పట్లు. పైన కెమెరా పట్టుకున్న వాళ్లు కూడా కొట్టారు. కొరడా తల వంచుకుని కర్ర పిడిని చూస్తూ ఉండిపోయాడు. చప్పట్లు తగ్గాక, వినికిడి మిషను సరిచేసుకుని తల ఎత్తాడు. గర్జించిన గొంతేనా అది అన్నట్టుంది.

"ఆ రోజుల్లో నాకు చప్పట్లు వినపడేవమ్మా. జవాబులు వినపడేవి కావు. తప్పయింది." మళ్లీ మెల్లగా అడిగాడు. "ఆ పాప... ఇప్పుడేం చేస్తోంది?"

ఆమె బదులు చెప్పబోయేంతలో మూడో వరుసలో కదలిక కనపడింది. నర్సు బట్టల్లోనే, ఆయాసపడుతూ, కూతురు లేచి నిలబడింది. ఆమె పక్కన పాపను ఎత్తుకుని అల్లుడు. ఎప్పుడొచ్చారో తెలియదు. కండక్టరమ్మ కళ్లు చికిలించి చూసి, కొరడాతో అంది:

"అదిగో అక్కడుంది. దాన్నే అడగండి. అడిగి ఆగండి."

ఆయన ఆగాడు. కూతురికి ఎవరో మైకు అందించారు.

"డయాలసిస్ వార్డులో నర్సునండీ. ఇందాకే ఆసుపత్రిలో చెప్పి వచ్చాను. సోమవారం నుంచి వార్డు ఇన్‌చార్జిని నేనే. పొద్దున ఆరింటికి డ్యూటీ. నా పాపకు పదకొండు నెలలు." మైకు రెండు చేతులతో పట్టుకుంది. "మనసు ఒప్పట్లేదు. అయినా వెళ్తాను. ఎలా వెళ్లాలో నేర్పిన మనిషి అక్కడ కూర్చుంది."

హాలంతా లేచి నిలబడింది. అల్లుడు అందరికంటే ముందు లేచి, చప్పట్లు కొట్టడానికి చేతులు ఖాళీ లేక, పాప రెండు చేతులూ పట్టుకుని కొట్టించాడు. స్టేజీ మీద కండక్టరమ్మ గట్టిగా, గలగలా, ఎవరూ ఆపలేనట్టు నవ్వింది. ఆమె అలా నవ్వడం కూతురు ఎన్నడూ చూడలేదు.

సోమవారం తెల్లవారుజామున కూతురు గుమ్మం దాటేసరికి పాప లేచి చేతులు చాచి ఏడ్చింది. కూతురి అడుగు ఆగింది.

"వెనక్కి రాకు" అంది కండక్టరమ్మ పాపను అదిమి పట్టుకుని. "ఏడుపొస్తే ఏడువు. కాళ్లు మాత్రం ఆపకు. ఈ పిల్ల సంగతి మేం చూసుకుంటాం."

లోపల అల్లుడు నిద్రకళ్లతో పాలడబ్బా పట్టుకుని, "అత్తయ్యా, ఎన్ని చెంచాలు?" అని అడుగుతున్నాడు. కూతురు ఏడుస్తూనే నవ్వి, మెట్లు దిగి వెళ్లిపోయింది. పాప పావుగంట ఏడ్చింది. తర్వాత నాన్న కళ్లద్దాలు దొరికాయి, ఏడుపు మర్చిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి కూతురు తిరిగొచ్చింది. పాపను గుండెకు హత్తుకుని, ముద్దులు పెట్టి పెట్టి, చివరికి వరండా మెట్ల మీద తల్లి పక్కన కూలబడింది. వార్డులో ఎవరు మాట విన్నారో, ఎవరు వినలేదో, పొద్దున ఏ మిషను మొరాయించిందో, పెద్ద డాక్టరు ఎదుట తనెలా నిలబడిందో గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చింది. కండక్టరమ్మ మధ్యమధ్యలో "ఆ, తర్వాత?" అంటూ వింది. అలాంటి మొండి ప్రయాణికుణ్ణి తనెలా దారికి తెచ్చిందో తనూ చెప్పింది. ముప్పై మూడేళ్లలో ఆ తల్లీకూతుళ్లు పనిచేసే మనుషుల్లా పక్కపక్కన కూర్చుని పని గురించి మాట్లాడుకోవడం అదే మొదలు.

"కాళ్లు లాగేస్తున్నాయమ్మా" అంది కూతురు.

"ఇలా పెట్టు" అని తల్లి ఆ కాళ్లను తన ఒళ్లోకి తీసుకుంది. మడమ దగ్గర ఎర్రగా ఒరుసుకున్న చోట బొటనవేలితో మెల్లగా రాసింది. "మొదటి వారం ఇలాగే ఉంటుంది. అర సైజు పెద్ద చెప్పులు కొనుక్కో. రెండో వారానికి ఈ కాళ్లు నీ మాట వింటాయి."